మరదలు కొన్న సైకిల్

సైకిల్ షాపులో అడుగుపెట్టగానే మరదలికి ఒళ్లు మండిపోయింది. స్టాండు మీద ఎర్రటి రేసు సైకిల్ బిగించి ఉంది. మెకానిక్ దాని సీటు ఎత్తు సరిచేస్తున్నాడు. పక్కన ఆడపడుచు నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడి, "ఇంకొంచెం పైకి లేపు, కాళ్లు పొడుగు" అని పురమాయిస్తోంది. ఆ కాళ్లు తనవేనని మరదలికి వెంటనే అర్థమైంది. ఎందుకంటే టైర్ల చాటున నేల చూపులు చూస్తూ నిలబడ్డవాడు తన మొగుడే.

"ఎవరికి వదినా ఈ బండి?"

"ఇంకెవరికి, నీకే. కొలతలు తమ్ముడిచ్చాడు. ఆర్డర్ కూడా ఖాయం చేసేశాం."

"నేనేమైనా కిటికీ పరదానా, కొలతలు తీసుకెళ్లి కుట్టించడానికి?"

మరదలు ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. వారమంతా కిటికీ లేని గదిలో, భుజాలు పీకేసే సీసపు కోటు తగిలించుకుని, "ఊపిరి బిగబట్టండి, ఇక వదలండి" అంటూ గడుపుతుంది. ఆదివారం వస్తే చాలు, రాతి క్వారీ వెనక కొండబాట పట్టేది. చెట్ల వేళ్లూ, జారే గులకరాళ్లూ, ఒళ్లు ఝల్లుమనే మలుపులూ ఉన్న ఆ బాట మీదే ఆమెకు ఊపిరాడేది. పోయిన నెల అక్కడే పాత సైకిల్ ఫ్రేము పుటుక్కున విరిగింది. కొత్తది చూసుకోవడానికే ఇవాళ షాపుకొచ్చింది. ఏడాదికోసారి అదే కొండ మీద జరిగే రేసులో కూడా ఆమె దిగేది. పైకి సరదాకే అనేదిగానీ, ఒక్కసారైనా ఆడపడుచును దాటాలని లోపల గట్టిగానే ఉండేది.

ఆడపడుచు బళ్లో వ్యాయామం టీచరు, సైక్లింగ్ క్లబ్బుకు కెప్టెన్. ఇంట్లో కూడా ఈల నోట్లో పెట్టుకున్నట్టే మాట్లాడేది. ఈసారి రేసులో ముగ్గురు ఆడవాళ్ల జట్టు పోటీ పెట్టారు. మూడో మనిషి కోసం ఆమె కన్ను మరదలి మీద పడింది. అడిగితే కాదంటుందని తెలుసు కాబట్టి అడగలేదు.

"దీనికి వెనక కుదుపులాపే షాక్ లేదు," అంది మరదలు. "రేసు ఒక్కరోజు. మిగతా ఆదివారాలన్నీ ఆ రాళ్ల మీద నా నడుం ఏం కావాలి?"

"వెనక షాక్ పెడితే నువ్వు తొక్కిన బలమంతా అదే మింగేస్తుంది. సోఫా వేసుకుని వస్తావా రేసుకి?"

"మేడం చెప్పింది నిజమే," అన్నాడు షాపాయన. మరదలు అతని వైపు తిరిగి చూసింది. "మీరు చెప్పిందీ నిజమేనండి," అన్నాడు వెంటనే.

మూలనున్న ఆకుపచ్చ సైకిల్‌ను మరదలే బయటికి లాగింది. ముందూ వెనకా షాక్‌లున్నాయి, మరీ పెద్దవి కావు. ఎక్కేటప్పుడు వెనక షాక్‌ను మీట తిప్పి బిగించుకోవచ్చు. దిగేటప్పుడు సీటును కిందికి దింపుకోవచ్చు. టైర్లు వెడల్పు. ఎర్రదానికంటే బరువు, అది చేతికే తెలుస్తోంది.

"రెండూ తొక్కి చూస్తాను. క్వారీ దగ్గర," అంది.

ఆడపడుచు స్టాప్‌వాచ్ పట్టుకుని వెంటే వచ్చింది.

ఎర్రది పిట్టలా ఎక్కింది. అంత హాయిగా ఆ కొండ ఎక్కడం మరదలికి అదే మొదటిసారి. కాస్త కుళ్లు కూడా పుట్టింది. కానీ దిగేటప్పుడు ప్రతి రాయీ వెన్నులోకి దిగింది. వేళ్లు మొద్దుబారాయి. గట్టు కనిపించినప్పుడల్లా బ్రేకు పట్టుకోవలసి వచ్చింది. ఆకుపచ్చది ఎక్కేటప్పుడు చెమటలు కక్కించింది. తిరిగి దిగేటప్పుడు మాత్రం టైర్లు నేలను కరుచుకున్నాయి. పోయిన నెల పడ్డ మలుపును బ్రేకు తాకకుండా దాటేసి, ఆమె పైకే నవ్వేసింది.

"ఎక్కడానికి ఎంత ఆలస్యమైందో చూడు," అంది ఆడపడుచు, వాచీ మొహం మీదికి చాపి.

"దిగడానికి ఎంత పట్టింది?"

"అది చూడలేదు."

"చూడరు. మీక్కావలసినంత వరకే కొలుస్తారు మీరు. నాకు ఇదే కావాలి వదినా."

"ఆ దున్నపోతుతో నా జట్టులోకి రావద్దు."

"వస్తానని ఎవరన్నారు?"

"ఇద్దరూ కాస్త..." అని మొగుడు నోరు తెరిచాడు.

"నువ్వు నోర్ముయ్!" అన్నారిద్దరూ. ఆ రోజు వాళ్లు ఏకమైన మాట అదొక్కటే.

మరదలు ఎర్రదాని ఆర్డర్ రద్దు చేయించి ఆకుపచ్చదే కొనుక్కుంది. అప్పట్నుంచి ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. క్లబ్బులో ఎవరూ మరదలితో కలిసి తొక్కకూడదని కెప్టెన్ హుకుం. "దున్నపోతు ఎలా ఉంది?" అని ఎదురైనవాళ్లల్లా అడిగేవారు. మూడో మనిషి దొరక్క జట్టు కుదరలేదు. దాంతో ఆడపడుచు కూడా ఒంటరి పోటీలోనే దిగింది. ఆ కోపమూ మరదలి మీదే.

రేసు రోజు ఎక్కుడులో ఆడపడుచు కంటికి ఆనకుండా పోయింది. మరదలు గొంతు ఎండిపోయి శిఖరం చేరేసరికి చాలామంది ముందున్నారు. సీటు దింపి, షాక్ వదిలి, కిందికి దూకింది. ఒకరి తర్వాత ఒకరిని దాటుకుంటూ వచ్చి, చివరికి ఆడపడుచు వీపు చూసింది. ఇరుకు బాట. ముందున్న తేలిక బండి రాళ్ల మీద ఎగిరెగిరి పడుతోంది.

"వదినా, ఎడమ పక్కకి వస్తున్నా!"

వినపడింది. ఆమె తల కాస్త కదిలింది. చక్రం మాత్రం ఎడమకే జరిగింది.

"కుడికి వస్తున్నా!"

చక్రం కుడికి వచ్చింది. కావాలనుకుంటే మరదలు భుజంతో తోసుకుని పోవచ్చు. పక్కన లోయ. పళ్లు పటపట కొరుకుతూ బ్రేకు పట్టింది. బాట వెడల్పయి చదును నేల వచ్చేసరికి తేలిక బండి బాణంలా దూసుకుపోయింది. ఆడపడుచుది మూడో స్థానం, మరదలిది నాలుగు.

"ఆ ఎర్రది కొనుంటే ఇవాళ నన్ను దాటేదానివి," అంది ఆడపడుచు రొప్పుతూ.

"మీరు పక్కకి జరిగుంటే దీంతోనే దాటేదాన్ని."

"రేసులో ఎవరు జరుగుతారే?"

మరదలు హెల్మెట్ పట్టీ లాగి తీసింది. వదిన మాటలో అబద్ధం లేదు. అదే ఆమెను ఎక్కువ మండించింది.

వారం తిరిగాక మొగుడు వంటింటి గుమ్మంలో తచ్చాడాడు. "అక్క ఫోన్ చేసింది. వచ్చే ఏడు జట్టులోకి రమ్మంటోంది. ఆ ఆకుపచ్చదానితోనే అయినా సరేనట."

"రానని చెప్పు."

"నువ్వే చెప్పరాదూ?"

"కొలతలు నన్నడిగే ఇచ్చావా? నువ్వే చెప్పు."

అతను ఫోను తీసి, నంబరు నొక్కాడు. "అక్కా... తను రాదట."

"రాదట కాదు. రాదు," అంది ఆమె, బూట్ల లేసులు బిగిస్తూ.

అతను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు. "తను రాదక్కా. కొలతలు అడిగినప్పుడే నేను నిన్ను అడ్డుకోవలసింది."

అవతలి కేకలు గది ఈ చివరికి వినిపించాయి. ఈసారి అతను నేల చూపులు చూడలేదు. ఫోను చెవికి కాస్త దూరంగా పట్టుకుని, అక్కడే నిలబడ్డాడు. ఆమె సైకిల్ భుజానికెత్తుకుని మెట్లు దిగింది. బరువుగానే ఉంది.