బొద్దక్షరాలు

బట్టల ఫ్యాక్టరీ గేటుకి తాళం పడిన పొద్దున, నోటీసు చదువుతున్న జనం వెనక్కి తిరిగి పెయింటరు మామ వంక చూశారు. నాలుగు వందల మందిని పనిలోంచి తీసేశామన్న మాట ఆయన అక్షరాల్లోనే ఉంది మరి. నల్లగా, బొద్దుగా, తోక దగ్గర కుంచె విదిలించినట్టుండే ఆ రాత చంటిపిల్లలకు కూడా తెలుసు. ముప్పై ఏళ్ళుగా కొట్ల బోర్డులూ యూనియన్ బ్యానర్లూ రాసింది ఆ చెయ్యే.

ఆ నోటీసు ఆయన రాయలేదు. నువ్వే రాశావా అని అడిగినవాళ్ళూ లేరు. టీ కొట్టు బల్ల మీద ఆయన కూర్చుంటే పక్కవాళ్ళు లేచిపోయారు. భార్య పోయినప్పుడు కూడా ఇంత ఒంటరితనం ఎరగడు. గదిలో కడిగిన కుంచెలే మళ్ళీ కడుగుతూ తొమ్మిది రోజులు గడిపాడు.

పదో రోజు, పిలవకపోయినా, గేటుకున్న నోటీసు ఊడదీసి పట్టుకుని యూనియన్ మీటింగుకి వెళ్ళాడు.

"ఏం మొహం పెట్టుకుని వచ్చావు మామా?" అంది కుట్టు మిషన్ల అక్క.

"ఇందులో 'క' ఐదు చోట్ల ఉంది, చూడమ్మా. ఐదింటికీ తోకలో ఒకే చోట కుంచె వెంట్రుక గీరింది. మనిషి చెయ్యి ఒకేలా రెండుసార్లు రాయగలదా?"

కాగితం చేతులు మారింది. అప్పుడు సిగ్గుపడుతూ చెప్పాడు. కిందటేడు కంపెనీ ఆఫీసరు వచ్చి, గుర్తుగా దాచుకుంటామంటే, పొంగిపోయి అ నుంచి బండి ఱ దాకా ఒత్తులతో సహా అట్టల మీద రాసిచ్చాడు. వాళ్ళు దాన్ని కంప్యూటర్లో ఫాంటు చేసుకున్నారు. చొక్కా డబ్బా మీదా అదే, పొట్ట కొట్టే కాగితం మీదా అదే. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళను చూశాం. వీళ్ళు చెట్టునే పీక్కుపోయారు.

"మా సంగతీ అంతేగా," అంది అక్క. "కొత్త మిషన్లకి మా చేతే పని నేర్పించుకుని మమ్మల్ని గెంటారు. గేటు పక్క గోడ మీద నువ్వే రాయి మామా."

"నా రాతని ఇక ఎవరు నమ్ముతారు? మీరే రాయండి. తలా ఒక అక్షరం."

మర్నాడు పొద్దున్నే ఏడుగురు రాశారు: మా పని మాకివ్వండి. గీతలు జారాయి, సున్న సొట్టపోయింది. ఆయన చూడలేక, దిద్దలేక, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పోలీసు వ్యాను వచ్చింది. "ఎవరు రాసింది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆ 'ప' నాది," అన్నాడు ఇస్త్రీ చేసేవాడు.

"ఆ వంకర 'వ్వం' నాది," అంది అక్క.

ఏడుగురూ తమ తమ అక్షరాలు చూపించి వ్యానెక్కారు.

"నీదేది ముసలాయనా?"

"ఏదీ నాది కాదు."

"అయితే సున్నం కొట్టి చెరిపెయ్."

వ్యాను వెళ్ళిపోయింది. గోడ దగ్గర ఆయనా ఒక కానిస్టేబులూ మిగిలారు. జనం రోడ్డుకి అవతలే నిలబడి ఉన్నారు. ముప్పై ఏళ్ళలో ఇంత వంకర రాత ఆయన చూడలేదు, చెరపడానికి చెయ్యీ రాలేదు. కానిస్టేబులు తెప్పించిన సున్నం బకెట్టు ఎత్తుకెళ్ళి, పక్కనున్న మురికి గోడకి కొట్టడం మొదలుపెట్టాడు.

"అటు కాదు, ఇటు," అన్నాడు కానిస్టేబులు.

"గోడ తెల్లగా ఉంటేనే నలుపు పలుకుతుంది బాబూ."

సున్నం ఆరాక బొగ్గుముక్కతో ఏడు గళ్ళు గీశాడు. కుంచె నల్లరంగులో ముంచి జనం వైపు చాచాడు.

"'మా' ఎవరు రాస్తారు?"

కానిస్టేబులు లాఠీ ఎత్తాడు. నలుగురు ఒకేసారి రోడ్డు దాటారు.