మూడింట రెండుపాళ్లు

నిదాఘమధ్యాహ్న మార్తాండుని ప్రచండకిరణములకు దర్పణతలమువలె నిశ్చలమై మెఱయుచున్న తూర్పుసముద్రమున, గాలి చచ్చి తెరచాపలు వ్రేలాడగా, మోటుపల్లికి పోవలసిన యోడ యొకటి నిలిచిపోయెను. దాని యజమానియైన బొల్లిసెట్టి చేత నప్పు డున్నవి యెనిమిది పారసీకాశ్వములు, నావికుల పెద్దయైన తండేలుతో గూడ ముప్పదిమంది నావికులు, రెండువందల నలువదిమూడు కుండల మంచినీరు.

మూలము చెడకుండ వర్తకము నడిపి తల నెఱసిన యా సెట్టి, దినమునకు ఉన్నదానిలో మూడవపాలు మాత్రమే తీయవలెనని కట్టడి చేసెను.

తండేలు నూకయ్య తల గోకికొనెను. “అమాస దాకా గాలి రాదు సెట్టిగారూ, ఇవాళ్టికి పదహారో నాడు. గుర్రాల్ని నీళ్లలోకి తోసేయండి, మనుషులం బతుకుతాం.”

“ఒక్కొక్క గుఱ్ఱము మీ పల్లెయంత వెల చేయునురా! నా కట్టడిలో నీరు తఱుగును గాని తీఱదు.”

“తమరి లెక్క తాగి గుర్రాలు బతుకుతాయేమోనండి, మాకు నీళ్లే కావాలి.”

మొదటినాడు తీసిన యెనుబదియొక్క కుండలలో నశ్వములకు స్నానము సైతము జరిగెను. ఏడవనాటి కా యశ్వములు దప్పిచే నన్నియు చచ్చెను. తొమ్మిదవనాటి యుదయమున తొమ్మిదిన్నర కుండలు మిగిలియుండ సెట్టి మొదటిసారి భయపడి పలకమీద సుద్దతో లెక్క కట్టెను. కొలతలో మొదటిదానిని ‘ఒకటి’ యనక ‘లాభము’ అనెడి వర్తకాచారమే యాతనికి త్రోవ చూపెను. ఆ లాభమువలె తొలినాటి రాశియు లెక్కకు రాదు, దానికి తగ్గింపు లేదు. రెండవనాటి కొక్కమాఱు, మూడవనాటికి రెండుమార్లు. కావున నేనాటి నీరు తెలియవలెనన్నను ఆనాటి సంఖ్యలో నొకటి తగ్గించి యన్నిమార్లు తొలిరాశికి మూడింట రెండుపాళ్లు కట్టవలెను. పదునాఱవనాటికి పదునైదుమార్లు కట్టెను. సుద్ద ప్రక్కన పెట్టి తండేలును పిలిచెను.

“అమావాస్యనాటి కరకుండ, నూకయ్యా.”

“అందులో మా వంతు?”

“మూడవపాలు.”

“ముప్పైమందికా! గుర్రాలకు పోసిన స్నానం నీళ్లుంటేనా, సెట్టిగారూ...”

ఎట్లు పంచినను చాలని నీటికి వేఱు కట్టడి తోచక యదియే సాగెను. దినదినము కొలుచువాడు కొలువగా త్రాగువారు తఱుగుచుండిరి.

పదునాఱవనాడు గాలి వీచి యోడను రేవు చేర్చెను. దిగినవారు సెట్టియు తండేలును మాత్రమే. సుంకరి వచ్చి సరకేమని యడుగ, సెట్టి కడపటి కుండ మూత తీసి చూపెను. అందు సగమునకు పైగా నీరు నిలిచియుండెను.

లెక్క తప్పలేదు.