గుటక

తీసేశారు కదా, మరి ఇంకా ఏదో కదులుతోంది, ముక్కు వెనకనుంచి గొంతులోకి, వెచ్చగా, ఆపరేషన్ అంతసేపూ నాకు ఊపిరందించిన రబ్బరు గొట్టాన్ని డాక్టరు లాగి ట్రేలో పడేయడం నా కళ్ళతో చూశాను, అయినా లోపల అది మళ్ళీ పెరుగుతోంది, ఈసారి రబ్బరుతో కాదు, నా రక్తంతో, విరిగిన దవడ కదలకుండా పళ్ళన్నీ తీగలతో బిగించారు, నోరు తెరవలేను, అందుకే గొట్టం ముక్కులోంచి వేశారట, అది బయటికొస్తూనే వెంట రక్తం దూకింది, ముందుకు వంగు సామీ, తల వెనక్కి వాల్చొద్దు, నర్సు జైతున్‌బీ నా చెయ్యెత్తి ముక్కు మీద పెడితే బొటనవేలు కుడిపక్క మాత్రమే మూసింది, నాయన నేర్పిన ప్రాణాయామం, ఆ చెయ్యి నాది కాదేమో, ఆమె నవ్వింది, సంధ్య వారుస్తా ఉండావా ఏంది సామీ, రెండుపక్కలా పట్టుకో, మెత్తగుండే చోట, నోటితో గాలి పీల్చు, పీల్చాను, తీగల సందుల్లో సన్నగా ఈల, నా పళ్ళ వెనక ఎవరో కూర్చుని ఊపిరి తీస్తున్నట్టు.

రక్తం నిలవకపోతే ముక్కులో గుడ్డ కుక్కాల, అని డాక్టరు వెళ్తూ అన్నాడు, కుక్కడం, మళ్ళీ ఒకటి లోపలికి, వద్దు, దానికంటే మింగడం తేలిక, చప్పుడు కాకుండా, ఇంట్లో ఉమ్మితే మైలరా అని నాయన కొట్టి నేర్పిన మింగడం, ఉప్పగా, ఇనుము వాసనతో, నా భార్య కుముదవల్లి గడ్డం కింది తువ్వాలు విప్పి నర్సుకి చూపిస్తోంది, సూడమ్మా, సుక్క లేదు, నిలిచిపాయ, పెరుమాళ్ళే కాపాడినాడు.

జైతున్‌బీ ఇప్పుడు నవ్వడం లేదు, నా మణికట్టు వదలడం లేదు, తువ్వాలు తెల్లగానే ఉండాది, నాడి యాల ఇట్ల పరిగెత్తతా ఉండాది, సామీ, గుటకలేస్తా ఉండావా, లేదని తల ఊపాను, ఊపుతూనే ఒక గుటక, కిటికీలో కొండ మిట్టమధ్యాహ్నమే నల్లబడుతోంది, కుముదవల్లి ముఖానికి అంచులు చెరిగిపోతున్నాయి, నవ్వు మాత్రం మిగిలింది, కడుపులో వెచ్చటి బరువు, తువ్వాలు మీద లేనిదంతా అక్కడుంది, తాగుతున్నది ఎవడు, పళ్ళ వెనక వాడా, వాడికి నాయన ముఖం ఉంటుందనుకున్నాను, లేదు, నా ముఖమే, నా మర్యాదే, నా భయమే, నన్ను నేనే తాగేస్తున్నాను, బేసిను దగ్గరికొచ్చింది, ఉమ్ము సామీ, నా కాడ సిగ్గేంది, వంగి పెదవులు వదిలేశాను, తీగల సందుల్లోంచి నల్లగా, గడ్డలుగా, ఆగకుండా, అయ్యో పెరుమాళ్ళా అని కుముదవల్లి, డాక్టర్ని పిలవండి అని జైతున్‌బీ, గుడ్డ తెస్తారు, కుక్కుతారు, కుక్కనీ, కనబడితేనే కదా ఎవరైనా ఆపగలిగేది.