దెబ్బ ఆమెది

కొలిమిలోంచి చేటలోకి ఎత్తిన బూడిదలో కాలీకాలని బొగ్గుముక్కలు ఏరుతోంది సిద్దమ్మ. ఏది ఇంకా మండే బొగ్గో, ఏది పనికిరాని చిట్టెమో చూడనక్కర్లేదు. వేలికి తగిలితే చాలు, బరువును బట్టి తెలిసిపోతుంది. మంచివి కుడివైపు, చిట్టెం ఎడమవైపు. గోడకు ఆనించిన మొద్దు మీద కూర్చుని ఆమె భర్త నాగయ్య పట్టకారు కీలుకు నూనె చుక్కలు వేస్తున్నాడు. పొద్దున ఎడమ భుజం పిండుకుంటూ లేచాడు. అడిగితే గ్యాస్ అన్నాడు. ఆమె చిటికెడు వాము ఇచ్చింది, నమిలాడు. అప్పట్నుంచీ ఇద్దరి మధ్యా మాటల్లేవు. అలగడం కాదు. వాళ్లకది అలవాటు.

ఇబ్రహీంపట్నం నుంచి కొంగరకలాన్‌కు పోయే దారిలో ఆ రేకుల షెడ్డు ఉంది. చుట్టూ పసుపు రాళ్లు పాతిన ప్లాట్లు, మధ్యమధ్య పేర్లు రాసిన కమాన్లు. ఒకప్పుడవన్నీ జొన్నచేలు. ఆ చేలల్లో తిరిగిన నాగటి కర్రులు, కొడవళ్లు చాలామటుకు వీళ్లిద్దరి చేతుల్లోంచి పోయినవే.

సిద్దమ్మకు యాభై రెండేళ్లు. పొట్టి మనిషి. కుడి భుజం ఎడమదానికన్నా బాగా లావు. రవికెలు కుట్టే ఆమె రెండు చేతులకూ వేరువేరుగా కొలత తీసుకుంటుంది. పాదాల మీద నిప్పురవ్వలు పడిన నల్లమచ్చలు. నుదుటి పైన వెంట్రుకలు సెగకు ఎర్రబారి పీచులా ఉంటాయి. పదిహేడో ఏట మంచాల అనే ఊరి దిక్కు నుంచి కోడలిగా వచ్చిన మూడో రోజున అత్త ఆమె చేతికి సమ్మెట ఇచ్చింది. ఆ ఇంట్లో అత్త చేసిన పని అదే. ఇక కోడలిది.

కొలిమి పనికి ఇద్దరు కావాలి. ఒకరు ఎర్రగా కాగిన ఇనుమును పట్టకారుతో దాగలి అనే ఇనుప దిమ్మె మీద పట్టాలి, ఒకరు సమ్మెట ఎత్తి కొట్టాలి. పట్టేవాడి రెండో చేతిలో చిన్న సుత్తె ఉంటుంది. దాన్ని ఎక్కడ తాకిస్తే సమ్మెట అక్కడ పడాలి. సుత్తెను పక్కకు పడుకోబెడితే ఆగాలి. ఉత్త దాగలి మీద రెండుసార్లు టకటకమంటే ఇనుము కాగింది, రమ్మని. ముప్పై అయిదేళ్లుగా నాగయ్య ఆమెను పేరు పెట్టి పిలిచిన సందర్భాలు తక్కువ. ఆ రెండు దెబ్బలే పిలుపు. పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నా, చంటిపిల్ల మహేశ్వరి ఏడుస్తున్నా, ఆ చప్పుడు వినగానే కొంగు దోపి వచ్చేది. ఇనుము ఆగదు. ఎరుపు పోతే మళ్లీ కాచాలి.

ఎడ్లు పోయాయి, నాగళ్లు పోయాయి. ఊళ్లో కొలిమి రెండేళ్లు చల్లగా పడి ఉంది. నాగయ్య ఒక వెంచర్‌కు వాచ్‌మన్‌గా పోయాడు, సిద్దమ్మ మేస్త్రీ వెంట కూలికి పోయింది. అప్పుడు రావిర్యాల నుంచి క్రాంతికుమార్ వెతుక్కుంటూ వచ్చాడు. ఇంజనీరింగ్ చదివిన పిల్లవాడు. సినిమాలకూ నాటకాలకూ కత్తులు చేయించి ఇస్తానని షెడ్డు వేశాడు. కాగిన ఇనుమును కంటితో చూసి వేడి చెప్పగల మనిషి కావాలన్నాడు. నాగయ్య వస్తానన్నాడు. ఆమె వస్తుందా అని ఎవరూ అడగలేదు. అడగాల్సిన విషయమని ఆమెకూ అనిపించలేదు.

ఇవాళ పదకొండు గంటలకు పట్నం నుంచి మనుషులు వస్తారని క్రాంతి నిన్ననే చెప్పాడు. పాత కాలపు కత్తులంటే ప్రాణం పెట్టేవాళ్లట. వాళ్ల కోసమే నలభై రోజులు పట్టి ఒక కత్తి చేశారు. వైకింగు కత్తి అన్నాడు క్రాంతి. ఫోన్‌లో బొమ్మలు చూపించాడు. నాగయ్య ఒక పూటంతా ఆ బొమ్మల్ని వేలితో పెద్దవి చేసుకుంటూ కూర్చున్నాడు. సన్నటి చువ్వలు మెలిపెట్టి, పక్కపక్కన పేర్చి, కాచి, కొట్టి ఒకటిగా అతకాలి. మొదటిది పగిలింది. రెండోది అతుకు దగ్గర విడిపోయింది. మూడోది చేసినన్నాళ్లూ నాగయ్య ఒక్కరోజూ అన్నం సరిగా తినలేదు. అది అతికింది. తర్వాత సానా, రాపిడీ వేరేవాళ్లు చేశారు. అంచు మాత్రం తీయలేదు. పదును పెడితే చట్టం ఒప్పుకోదన్నాడు క్రాంతి. గోంగూర కాడ కూడా తెగని కత్తి కోసం నలభై రోజులా అని సిద్దమ్మకు ఒకటే విడ్డూరం.

రెండు కార్లలో అయిదుగురు వచ్చారు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచారు. కాలు పెడితే చిట్టెం గుచ్చుకునే షెడ్డు అది. "అయ్యో, ఏసుకోండ్రి, ఏసుకోండ్రి" అంది సిద్దమ్మ. వాళ్లు వినలేదు. ముందు నడిచినామె పేరు నర్మద. కళ్ల డాక్టరు, నలభై దాటిన మనిషి, పొట్టిగా కత్తిరించిన జుట్టు. ఆమె వెనక గడ్డం పెంచిన భారీ మనిషి ఒకాయన.

క్రాంతి బల్ల మీది నూలుగుడ్డ తీశాడు.

అయిదుగురూ బల్ల మీదికి వంగారు. చాలాసేపు మాట్లాడలేదు. సిద్దమ్మ చేతిలో చేట అలాగే ఉండిపోయింది. ఏదో తప్పు జరిగిందనుకుంది. అతుకు విడిపోయిందా? వంకర వచ్చిందా? నాగయ్య వైపు చూసింది. ఆయనా లేచి నిలబడ్డాడు.

గడ్డమాయన రెండు చేతులతో కత్తిని ఎత్తాడు. పిడి ముందున్న అడ్డపట్టీకి నాలుగు వేళ్ల అవతల ఒక్క వేలు మీద ఆనించి వదిలాడు. కత్తి అటూ ఇటూ ఒకసారి ఊగి నిలబడింది. గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు. సన్నగా మోగుతూ చాలాసేపటికి ఆగింది. తర్వాత కిటికీ వెలుతురులోకి తిప్పాడు. నడిమి గాడి పొడవునా, మెలిపెట్టిన చువ్వల చారలు నీళ్లలో అలల్లా కదిలాయి.

ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

సిద్దమ్మ నోరు తెరుచుకుంది. అంత మనిషి! ఇనుము ముక్క చూసి!

"ఏమైంది సార్‌కు?" అంది క్రాంతి చెవిలో.

"ఏం గాలే అత్తా. నచ్చింది."

"నచ్చితే ఏడుస్తరా?"

నర్మద ఆ మాట విని నవ్వింది. "పదేండ్ల సంది చూస్తున్నం అమ్మా ఇసొంటి దానికోసం. ఫొటోలల్ల చూసుడే గని, గింత మంచిగ చేసింది చేతిల పట్టుకోలే." ఆమె దగ్గరికొచ్చి చెప్పింది. వెయ్యేళ్ల కింద సముద్రం అవతల చలి దేశాల్లో ఉండేవాళ్లట. పడవల్లో తిరిగేవాళ్లట. మనిషి పోతే ఆయన కత్తిని ఆయనతోనే పూడ్చేవాళ్లట. మళ్లీ ఎవరూ వాడకుండా కొన్నిటిని వంచి మరీ పెట్టేవాళ్లట.

"మంచి ఇనుమును మన్నుల పెట్టుడా?" సిద్దమ్మ గొంతు లేచింది. "చేసినోడు ఊకున్నడా?"

అందరూ నవ్వారు. నాగయ్య కూడా, పళ్లు కనపడకుండా.

"చేసినోళ్లు అంటే గుర్తొచ్చింది," అంది నర్మద. "కొన్ని కత్తులమీద పేర్లు ఉంటయి. ఇనుపతీగె కాల్చి అక్షరాలు కొట్టేటోళ్లు. దీనిమీద మీ పేరు ఏస్తే బాగుంటది నాగయ్యగారూ. ఏపిచ్చుకుంటరా?"

నాగయ్య పట్టకారును ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. ఎవరి మొహమూ చూడకుండా, దాగలి వైపు చూస్తూ అన్నాడు.

"నా పేరెందుకు మేడమ్. నేను పట్టిన, జాగ చూపిచ్చిన. దెబ్బ ఆమెది."

పట్టకారుతో దాగలి పక్కనున్న చిన్న సుత్తెను చూపించాడు.

"నా సుత్తె ఏడ తాకితే ఆడనే పడ్తది ఆమె సమ్మెట. ఎంట్రుకవాసి పక్కకు పోదు. గా అతుకు పట్టిందంటే దెబ్బ సమంగ పడ్డది గనుకనే. రాస్తె సిద్దమ్మ అని రాయుండ్రి."

  ముప్పై అయిదేళ్లలో ఆయన ఆమె పని గురించి అన్న మాటలు సిద్దమ్మకు వేళ్ల మీద లెక్కే. గట్టిగ. చాలు. మళ్ల. బాగుంది అని ఏనాడూ అనలేదు. బాగులేదనీ అనలేదు. పది మంది ముందు, పరాయి మనుషుల ముందు, ఆమె పేరు! ఏం చేయాలో తెలియక చేటను కింద పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టింది. ఆయన మొహం చూడాలని ఉంది. చూడలేకపోయింది. తలెత్తేసరికి ఆయన అప్పటికే వెనక్కి తిరిగి కొలిమి వైపు నడుస్తున్నాడు, ఎడమ చెయ్యి ఛాతీకి ఆనించుకుని.

నర్మద సిద్దమ్మ కుడి అరచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. కాయలు కాసిన చోట బొటనవేలితో తడిమింది. "రా అమ్మా, పట్టుకో ఒకసారి."

"వద్దు బిడ్డా, నా చేతులకు మసి."

"మసి ఉంటే ఏమైతది?"

క్రాంతి కత్తి పిడిని ఆమె చేతికి అందించాడు. సిద్దమ్మ ఉలిక్కిపడింది. చల్లగా ఉంది. ఆ ఇనుమును నలభై రోజులు ఎర్రగానే చూసింది ఆమె. ఎప్పుడూ తాకలేదు. దానికీ ఆమెకూ మధ్య ఎప్పుడూ సమ్మెట కర్ర పొడవంత దూరం ఉంది. వేలసార్లు కొట్టింది, ఇన్ని దెబ్బలు తిన్నది ఎంత బరువుంటుందో అనుకునేది.

"గింత అల్కగుందేంది!"

"కిలోంబావు," అన్నాడు గడ్డమాయన, గొంతు సవరించుకుంటూ. "అంతకన్న బరువుంటే చెయ్యి గుంజుతది."

ఆమె కత్తిని మెల్లగా ఎత్తింది. అది దానంతటదే లేచినట్టనిపించింది. అందరూ ఫోన్లు తీశారు. ఆమె చెంగు సర్దుకుంది. నవ్వాలో వద్దో తెలియలేదు. నవ్వొచ్చేసింది.

అప్పుడు కొలిమి దగ్గర్నుంచి వినపడింది. టక్, టక్.

ఆమె అటు తల తిప్పింది. ఈపూట పనేమీ లేదు కదా! ఇందాకే బ్లోయర్ హోరు మొదలైంది, మిగిలిన ముక్క ఏదో కాచినట్టున్నాడు. మనుషులు వచ్చిన సిగ్గుకు పనిలో దూరడం ఆయనకు అలవాటే. వస్త, అనుకుంది. కాలు కదిపింది కూడా.

"అమ్మా, సమ్మెట ఎట్ల పడ్తరో చెప్పుండ్రి జర," అంది నర్మద. "ముందు ఏ చెయ్యి?"

ఎవరూ అడగని సంగతి. సిద్దమ్మ నిలబడిపోయింది. "కుడిచెయ్యి పైన. ఎత్తెటప్పుడు జారాలె, దించెటప్పుడు రెండు చేతులు దగ్గరికి రావాలె. భుజంతోని గాదు బిడ్డా, నడుముతోని." చెప్తుంటే ఇంకా చెప్పాలనిపించింది. గర్భంతో ఉన్నప్పుడు ఏడో నెల దాకా ఎలా కొట్టిందో చెప్పింది. పెద్ద బండి చక్రాలకు పట్టీలు ఎక్కించిన రోజుల గురించి చెప్పింది. అయిదుగురూ బడిపిల్లల్లా వింటున్నారు.

టక్. ఆగి, టక్.

రెండోసారి అది అంత గట్టిగా లేదు. సిద్దమ్మ విన్నది. ఒక్క నిమిషం, అనుకుంది. ఇన్నేళ్లలో మొదటిసారి, ఇనుమును ఆగమనుకుంది. మళ్లీ కాచుకుంటాడు, ఏమవుతుంది?

ఆ తర్వాత చప్పుడు రాలేదు.

కోపమొచ్చింది కాబోలు అనుకుంటూ ఆమె కత్తిని నర్మదకు ఇచ్చి, కొంగు దోపుకుని వెళ్లింది. నాగయ్య మొద్దు మీదే కూర్చుని ఉన్నాడు. వీపు గోడకు ఆనింది. పట్టకారు కాళ్ల మధ్య పడి ఉంది. చిన్న సుత్తె మాత్రం వేళ్లలోనే ఉంది. కళ్లు సగం మూసి ఉన్నాయి. బ్లోయర్ తిరుగుతూ కొలిమిలో బొగ్గు వృథాగా మండుతోంది.

"ఇగో," అంది సిద్దమ్మ. "వచ్చిన. ఏమైంది?"

చెయ్యి పట్టి ఊపింది. సుత్తె జారి నేల మీద పడింది.

ఆమె అరుపుకు అందరూ పరుగెత్తుకొచ్చారు. నర్మద ఆయన్ని నేల మీద పడుకోబెట్టి అంగీ చించి ఛాతీ మీద రెండు చేతులూ వేసి నొక్కడం మొదలుపెట్టింది. ఆమె అలసిపోతే గడ్డమాయన నొక్కాడు. మళ్లీ ఆమె. ఎవరో 108కి చేశారు. క్రాంతి బయటికీ లోపలికీ పరుగెడుతూ "మామా, మామా" అంటున్నాడు. సిద్దమ్మకు అదంతా గాజుతలుపు అవతల జరుగుతున్నట్టుంది. వాళ్ల చేతులు ఎత్తడం, దించడం చూస్తోంది. నడుముతో నొక్కుతున్నారు. సరిగ్గానే నొక్కుతున్నారు.

108 వచ్చింది. వాళ్లూ చూశారు. ఛాతీకి తీగెలు అంటించిన మెషీన్ మీద గీత తిన్నగా పోయింది. నర్మద మోకాళ్ల మీద వెనక్కి కూర్చుంది. చెమటతో ఆమె జుట్టు నుదుటికి అంటుకుంది.

"అమ్మా," అంది. "పోయిండు."

సిద్దమ్మ ఏడవలేదు. అందరి మొహాలూ వరసగా చూసింది, ఎవరైనా కాదంటారేమోనని.

"నన్ను పిలిచిండు," అంది. "రెండుపార్లు పిలిచిండు. నాకు ఇనపడ్డది."

 గడ్డమాయన తల దించుకున్నాడు. నర్మద ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, ఆగి, పక్కనే నేల మీద కూర్చుంది.

"ఒక్క నిమిషమే అనుకున్న బిడ్డా. నీతోని మాట్లాడుకుంట. ఎన్నడు గట్ల చెయ్యలే నేను."

"పిలిచినంక జరసేపట్లనే అయిపోయింది అమ్మా. నువ్వొచ్చినా..." నర్మద ఆ మాట పూర్తి చేయలేదు. సిద్దమ్మ వినడం లేదు. ఆమె నాగయ్య కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటే సాపు చేస్తోంది. సుత్తె పట్టిన వంపు వాటికి ఇంకా ఉంది.

కొంగరకలాన్ ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉన్న కూతురు మహేశ్వరికి క్రాంతి ఫోన్ చేశాడు. సంగతి చెప్పలేక, బాపుకు బాగలేదు, జల్ది రా అన్నాడు. అతను వచ్చి బ్లోయర్ ఆపాడు. ఆ హోరు ఆగేసరికి బయట సాగర్ రోడ్డు వైపు పోయే బస్సు చప్పుడు లోపలికొచ్చింది. ఎవరో బల్ల మీది గుడ్డ తెచ్చి నాగయ్య మీద కప్పారు.

సిద్దమ్మ లేచి దాగలి దగ్గరికి వెళ్లి నిలబడింది. దాని మీద జానెడు ఇనుపముక్క ఉంది. ఆయన ఏం చేద్దామనుకున్నాడో దాన్ని చూసి ఎవరూ చెప్పలేరు. ఎరుపంతా పోయి నల్లబడింది. ఒక కొసకు వేలెడు దూరంలో, ఆమె దెబ్బ పడాల్సిన చోట, చిన్న సుత్తె తాకిన గుర్తులు మూడు వరసగా, లోతు లేకుండా ఉన్నాయి.