కాపలా పన

నా రాతలో తప్పులుంటే మన్నించండి. అరవై దాటాక ఆదివారం బడిలో పిల్లల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాను. చెయ్యి ఇప్పటికీ నెమ్మదే.

నేను పుట్టిన ఊళ్ళో కోతయ్యాక పొలంలో ఒక్క కంకుల పన నిలబెట్టి ఉంచితే, ఇక రాలిన కంకులను పరిగె ఏరుకోవచ్చని గుర్తు. పెళ్ళయి ఈ విక్‌లింగ్ ఊరు వచ్చిన రెండో వేసవిలో నా భర్త ఏబెల్ బండి కింద పడి చనిపోయాడు. ఒళ్ళో చంటిపిల్ల, రూత్. ఏరుకున్న గోధుమే మాకు చలికాలపు రొట్టె. అది లేకపోతే దిక్కులేనివాళ్ళను పెట్టే సర్కారు ఇల్లే గతి. అక్కడ గుమ్మంలోనే తల్లినీ బిడ్డనీ విడదీస్తారు.

ఆ ఉదయం పెద్ద పొలంలో పన ఒకటి నిలబడి ఉంది. రూత్‌ను గట్టున పడుకోబెట్టి ఏరడం మొదలుపెట్టాను. కంచె అవతలికి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. వాళ్ళు ఏటా ఎన్నుకునే పరిగె రాణి డోర్కస్ లడ్కిన్ కూడా వచ్చింది, తల మీద కంకుల కిరీటంతో. వాళ్ళు నవ్వితే నేనూ నవ్వాను. నా గోనె నిండాక అందరూ లేచారు.

"ఏమ్మా, కాపలా పన కనబళ్ళేదా? అది తీసి చర్చి గంట కొట్టేదాకా పొలంలో కాలు పెట్టకూడదు," అంది డోర్కస్.

మా ఊళ్ళో పద్ధతి వేరని చెప్పాను.

"అయితే మీ ఊళ్ళోనే ఏరుకో తల్లీ."

"పొద్దుట్నించీ చూస్తూనే ఉన్నారు కదక్కా. ఒక్క మాట చెప్పొచ్చుగా."

"చెబితే గోనె నిండేదా?"

గోనె లాక్కున్నారు. ఆ ఏడు ఏ పొలంలోకీ నన్ను రానివ్వకూడదని అక్కడే తీర్పు చెప్పారు.

ఆ గోధుమతోనే పంట పండగకు చర్చిలో పెట్టే పెద్ద రొట్టె చేశారు. పాస్టరు గారు దాన్ని ఎత్తి చూపించి ఊరి ఆడవాళ్ళ ధర్మబుద్ధిని మెచ్చుకున్నారు. ముక్కలు పంచుతూ డోర్కస్ నా చేతిలోనూ ఒకటి పెట్టింది.

"తిను, నీ కష్టమేగా," అంది మెల్లగా.

ఆకలికి తిన్నాను. రొట్టె బాగుంది.

మంచు పడ్డాక ఆ సర్కారు ఇంటి తలుపు తట్టాను. రూత్‌ను పిల్లల గదికి తీసుకెళ్ళారు. క్రిస్మస్ లోపే పోయింది. అక్కడ పోయినవాళ్ళకు ఊరి గంట కొట్టరు.

డోర్కస్ పోయినప్పుడు మాత్రం గంట చాలాసేపు మోగింది. సత్రంలో ఆమె ఖాళీ చేసిన గదే ఇప్పుడు నాకిచ్చారు.

థర్జా గూడింగ్, డెబ్బై ఒక్క ఏళ్ళు, విక్‌లింగ్ చర్చి వెనక ముసలివాళ్ళ సత్రం.