ఆరూ పదికి తీసిన నకలు

ఆ కెలుకుడుగాడు, తన తమ్ముడు, ఆ రోజు ఎంటర్ మీట నొక్కకుండా ఉండి ఉంటే ఈపాటికి తను రాసిన ప్రోగ్రాముకి ఒక పేరుండేది, నలుగురి నోళ్ళలో నానేది, తను కనీవినీ ఎరగని చోట ఎవడో ఒక దర్జీ దాన్ని తెరిచి గుడ్డ కత్తిరించుకుంటూ ఉండేవాడు, అనుకుంటూ అతను పాత డిస్కుకు చుట్టిన గుడ్డ ముడి విప్పుతున్నాడు, ముడి రావడం లేదు, ఆరేళ్ళ కిందట పళ్ళు కొరుకుతూ వేసిన ముడి, కత్తెర తెమ్మని భార్యను కేకేద్దామనుకుని మానేశాడు, పిలిస్తే వస్తుంది, వస్తే ఊరికే రాదు, పొద్దుటినుంచి మూడుసార్లు చెప్పిందే నాలుగోసారి చెబుతుంది, ఏవండీ, మీ తమ్ముడి షాపులో కంప్యూటరు మూలన పడిందట, కొత్త సిస్టమ్ వెయ్యాలంటే ఆ పాతది మొయ్యలేదన్నారట, కొత్త మిషను కొనే తాహతు వాళ్ళకెక్కడిది, నిన్న ఫోన్లో తోటికోడలు ఏడవడం ఒక్కటే తక్కువ, ఫొటోలు తీసి ప్రింట్లిచ్చే షాపుకి కంప్యూటరు లేకపోతే ఇంకేముంటుందక్కా అంటోంది, మీ దగ్గర ఆ ఉచితం సిస్టమేదో ఉందిగా, లినక్సో ఏదో, పాత డొక్కుల మీద కూడా నడుస్తుందని మీరే అంటారుగా, అది కాస్త వేసి పెట్టకూడదూ, పోనీ మీరు వెళ్ళకపోతే మానెయ్యండి, రేకుపెట్టెలో పడున్న ఆ డిస్కన్నా పంపండి, ఎందుకు దానికంత కాపలా, అని, కాపలా కాదే, చూడలేక దాచాను అనాలనిపించింది, ఇదిగో విప్పుతున్నాను, ఇది చాలదూ, డిస్కు ఇస్తాను, మనిషిని మాత్రం ఇవ్వను, లోపలున్నదంతా తుడిచి శుభ్రం చేసి నీ చేతికిస్తా, నువ్వే తీసుకెళ్ళి ఆ మహానుభావుడికి సమర్పించు.

ముడి వచ్చింది, గుడ్డ నాన్న షాపులోదే, నీలిగళ్ళ చొక్కా గుడ్డ, డిస్కు చల్లగా ఉంది, కేబుల్ తగిలించే ముందు తెర వంక చూశాడు, ఆదివారం పొద్దుట అప్‌డేట్లు వేసుకోవడం అతనికి స్నానం లాంటిది, మూడువందల పన్నెండు ముక్కలు దిగుతున్నాయి, నూట తొంభై రెండోది, గడియారం బొమ్మను సవరించినవాడొకడు, అక్షరాల మధ్య ఎడం సరిచేసినవాడొకడు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు, అరకొరగానే అయినా చేసింది చేసినట్టు బయట పెట్టేస్తారు, తప్పులుంటే ఇంకొకడు దిద్దుతాడు, వాళ్ళకి సిగ్గు లేదు, తనకే ఉంది, ఎనిమిదో తరగతిలో బడి మాని నాన్న దర్జీ షాపులో కాజాలు కుట్టినవాడు, పక్క జిరాక్స్ షాపులో కంప్యూటరు మీద పడి నేర్చుకున్నవాడు, ఇంగ్లీషు కూడా తప్పు చేసినప్పుడల్లా ఆ నల్లతెర తిట్టిన తిట్ల మీదే నేర్చుకున్నాడు, ఆఫీసులో డిగ్రీలవాళ్ళు అతన్ని ఎనిమిదో క్లాసు ఇంజనీరంటారు, ఆ సిస్టమ్‌కి గుర్తు పెంగ్విన్ పక్షి కాబట్టి, ఏం ఇంజనీరుగారూ, మీ పక్షి ఇవాళ గుడ్డు పెట్టిందా అని కాఫీ మిషను దగ్గర నవ్వుతారు, అదే నోటితో, ప్రింటరు కదలకపోయినా, మీటింగ్ మధ్యలో శబ్దం పోయినా, అన్నా కాస్త వస్తావా అని వచ్చి నిలబడతారు, అతను లేవడు, కుర్చీలోంచే అడుగుతాడు, లాగ్ చూశావా, మిషను ఏ క్షణాన ఏం చేసిందో తనే రాసుకుంటుంది కదా, మనుషుల్ని అడిగితే అబద్ధమాడతారు, లాగ్ ఆడదు, ముందు అది చదివి అప్పుడు రా, ఆ మాట వాళ్ళకెంత నోటికొచ్చేసిందంటే బాసు భార్య అలిగి పుట్టింటికి వెళ్ళిందంటే కూడా ఒకడు మెల్లగా, లాగ్ చూశారా సార్, అన్నాడు, ఆ రోజు అతనూ నవ్వాడు.

నాన్న రెండు మీటర్ల గుడ్డలో నిండుచేతుల చొక్కా కత్తిరిస్తే అరచేతిలో పట్టేన్ని పేలికలు కూడా మిగిలేవి కాదు, సుద్దముక్క చెవిమీద పెట్టుకుని గుడ్డ వంక ఒక్క నిమిషం చూసేవాడు, అంతే, ఆ ఒక్క నిమిషాన్ని మిషనుకి నేర్పాలని అతని యావ, కొలతలిస్తే చేతులూ కాలరూ వీపూ ఎక్కడ పడుకోబెడితే గుడ్డ వృథా కాదో గీసి చూపే ప్రోగ్రాము, నాలుగేళ్ళు, రోజూ తెల్లవారుజామున లేచి ఆఫీసు టైమయ్యేదాకా, చివరికొచ్చేసరికి నాన్నకంటే రెండు వేళ్ళ గుడ్డ ఎక్కువ మిగిల్చింది, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా పెట్టలేదు, ఒకసారి ఎప్పుడో ఒక చిన్న సవరణ రాసి ఎవరిదో ప్రాజెక్టుకి పంపితే, పని బాగానే ఉంది, ముందు వాక్యాలు సర్దడం నేర్చుకోండి అని జవాబొచ్చింది, ఆ ఒక్క ముక్కకి వారం రోజులు అన్నం సయించలేదు, అందుకే పూర్తయ్యాక, వేలెత్తి చూపడానికి వీల్లేకుండా అయ్యాక బయట పెడదామని ఇంట్లోనే ఒక డిస్కు మీద దాచాడు, ఆ డిస్కుకి పని అని పేరు, ఇంకో డిస్కుకి నకలు అని పేరు, రోజూ పొద్దున ఆరూ పదికి మిషను తనంతట తనే పనిలో ఉన్నదాన్ని నకలులోకి ఎక్కిస్తుంది, పనిలో లేనిది ఏదన్నా నకలులో కనిపిస్తే చెరిపేస్తుంది, అద్దంలా రెండూ ఒక్కలా ఉండాలని, ఆ కమాండు తనే రాశాడు, ముచ్చటపడి తమ్ముడికి కూడా చూపించాడు, చూడరా కెలుకుడూ, ఒకటి చచ్చినా ఇంకోటి బతికుంటుంది, వాడు తల గోక్కుని, మరి పొరపాట్న మొదటిదాంట్లో ఏమీ లేకపోతేనో అన్నయ్యా, అన్నాడు, నోర్ముయ్, నీ బుర్రంతా అవే తిక్క ప్రశ్నలు, గోడగడియారం విప్పి బిగించేసరికి నాలుగు మరలు మిగిల్చినవాడివి నువ్వు నాకు చెప్పొచ్చావా.

వాడా మాట అన్నాడా, ఇప్పుడెందుకు గుర్తొచ్చింది, అన్నాడు, అన్నాడులే, ఏదో ఒకటి వాగకపోతే వాడికి పొద్దుపోదు, తను పని మీద రెండు రోజులు పక్క ఊళ్ళో ఉండి శనివారం రాత్రి ఇంటికొచ్చేసరికి పని డిస్కు చచ్చిపోయి ఉంది, పోనీలే, నకలుందిగా అనుకుని తెరిస్తే అదీ ఖాళీ, చెరిగిపోయినవి తవ్వి తీసే ప్రోగ్రాములు రెండు నడిపితే పేర్లూ తలలూ లేని ముక్కలొచ్చాయి, కత్తిరించగా నేల మీద రాలిన పేలికల్లా, ఎవరొచ్చారు ఇంటికి అంటే, శుక్రవారం సాయంత్రం మీ తమ్ముడొచ్చి ఫొటోలేవో సర్దుకున్నాడండీ అంది భార్య, వాణ్ణి అప్పటికప్పుడు పిలిపించాడు, వాడు గుమ్మంలోనే నిలబడ్డాడు, నాలుగేళ్ళ కూతురు వాడి భుజం మీద నిద్రపోతోంది, నిజం చెప్పు, ఏం నొక్కావు, ఏదో డిస్కు కనపడట్లేదని తెర మీద పెట్టె లాంటిది వచ్చింది అన్నయ్యా, ఎంటర్ నొక్కితే పోయింది, అంతే, నేనింకేం ముట్టుకోలేదు, నీ మీదొట్టు, ఒట్లు పెట్టకు, నొక్కానని నువ్వే ఒప్పుకున్నావు, నాలుగేళ్ళు, నా కళ్ళు పోగొట్టుకుని రాసిన నాలుగేళ్ళు, నీ చేతులు పడిపోనూ, ఇంకెప్పుడూ నా గడప తొక్కకు, పిల్ల ఉలిక్కిపడి లేచి ఏడుపు లంకించుకుంది, వాడు దాని వీపు తట్టుకుంటూ మెట్లు దిగాడు, మళ్ళీ ఎక్కలేదు, సిస్టమ్ ఉన్న ఈ మూడో డిస్కును మర్నాడే ఊడబీకి గుడ్డలో చుట్టేశాడు, దాన్ని చూస్తే ఒళ్ళు మండేది.

అప్‌డేట్లయిపోయాయి, కేబుల్ తగిలించాడు, డిస్కు ఒకసారి గీరినట్టు చప్పుడు చేసి తిరగడం మొదలెట్టింది, బతికే ఉంది, తుడిచేముందు డిస్కు ఎంత నిక్షేపంగా ఉందో చూడాలి, చచ్చిన డిస్కు ఇచ్చాడని వాడు అనుకోకూడదు, ఆ మాత్రం పరువు తనకూ ఉంది, చెయ్యి అలవాటుకొద్దీ లాగ్ ఉండే చోటికి వెళ్ళింది, ఆఫీసులో రోజుకి ఇరవైసార్లు వెళ్ళే చోటే, చివరి పుటలు తెరిచి శుక్రవారం దగ్గరికి వెళ్ళాడు, తెల్లవారుజాము రెండూ నలభై ఏడు, కరెంటు పోయి వచ్చింది, మిషను లేచింది, పని డిస్కు జవాబివ్వడం లేదు, ఇంకోసారి, జవాబివ్వడం లేదు, మూడోసారి, జవాబివ్వడం లేదు, వదిలేసి ముందుకెళుతున్నాను, ఆరూ పది, నకలు మొదలు, ఎక్కించినవి సున్నా, చెరిపినవి పధ్నాలుగు వందల ఆరు, నకలు విజయవంతంగా ముగిసింది, సాయంత్రం నాలుగూ ఇరవై రెండు, ఎవరో మీట నొక్కిన మొదటి జాడ, అతను కుర్చీ ముందుకి లాక్కున్నాడు, కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, ఆరూ పది ముందు, నాలుగూ ఇరవై రెండు తర్వాత, పొద్దున, సాయంత్రం, చిన్నపిల్లాడికైనా తెలిసే వరస, చచ్చిన డిస్కు స్థానంలో ఖాళీ ఫోల్డరు మిగిలింది, కమాండు దాన్ని చూసింది, ఇందులో ఏమీ లేదు కాబట్టి అందులోనూ ఏమీ ఉండకూడదు అనుకుంది, తను చెప్పినట్టే చేసింది, ఆరూ పదికల్లా అద్దం రెండు వైపులా శూన్యం, వాడు పది గంటల తర్వాతొచ్చి, డిస్కు కనపడట్లేదని మిషను మొత్తుకుంటుంటే ఆ పెట్టె మూశాడు, అదే చెప్పాడు కదా గుమ్మంలో నిలబడి, ఏదో డిస్కు కనపడట్లేదని వచ్చింది అన్నయ్యా అని, అప్పటికే చచ్చిందని చెబుతున్నాడు, లాగ్ చదివినట్టు చదివి చెప్పాడు, తను విన్నదల్లా ఎంటర్ అన్న ఒక్క ముక్క.

కమాండు రాసిన ఫైలు కూడా తెరిచాడు, ఎందుకు తెరిచావు, మూసెయ్యి, మూయలేదు, పదకొండు వాక్యాలు, ఐదోదాని పైన మిషను చదవని చోట తన కోసం తను రాసుకున్న చీటీ ఉంది, వంకర ఇంగ్లీషులో, డిస్కు లేకపోతే ఇక్కడే ఆగిపోవాలి, తర్వాత రాద్దాం, తేదీ వేసి ఉంది, ప్రోగ్రాము మొదలెట్టిన మొదటి ఏడాదిది, తర్వాత రాద్దామన్న ఆ ఒక్క వాక్యం ఆఫీసు మిషన్లన్నిటికీ రాశాడు, అది రాయలేదని కుర్ర ఇంజనీరునొకణ్ణి అందరిముందు నిలబెట్టి కడిగేశాడు కూడా, ఇంట్లో మాత్రం తర్వాతే, అందరినీ లాగ్ చూశావా అని వేధించినవాడు తన ఇంటి లాగ్ ఆరేళ్ళు గుడ్డలో కట్టి రేకుపెట్టెలో పెట్టాడు, చూడలేక దాచాను అనుకుంటాడు, చూస్తే ఏముంటుందో లోపలెక్కడో తెలుసేమో, తెలిసే ముడి అంత బిగించాడేమో.

ఏవండీ, అయిందా, భార్య గుమ్మంలోకొచ్చింది, చేతిలో ఫోను, అవతల తోటికోడలు లైన్లో ఉంది, ఏం చెప్పమంటారు, ఒక్క నిమిషం ఆగు అన్నాడు, తెర మీద డిస్కును మొదలంటా తుడిచే కమాండు టైపు చేసేశాడు, ఎప్పుడు చేశాడో తెలియదు, వేళ్ళే చేశాయి, ఇక ఎంటర్ ఒక్కటే, నొక్కితే లాగ్ పోతుంది, చీటీ పోతుంది, లోకంలో ఇంకెక్కడా ఆనవాలుండదు, తను హాయిగా చొక్కా మార్చుకుని వెళ్ళొచ్చు, పెద్ద మనసు చేసుకుని వచ్చారమ్మా బావగారు అంటుంది మరదలు, కుర్చీ తుడిచి వేస్తుంది, అయిందేదో అయింది లేరా అని భుజం తట్టొచ్చు, వాడు కళ్ళ నీళ్ళు పెట్టుకుంటాడు, చెయ్యని తప్పుకి క్షమించానంటే తల వంచుకుని పుచ్చుకుంటాడు, వాడంత వెర్రివాడు, అతని వేలు ఎంటర్ మీద ఆగింది, పోయిన నెలలో బస్టాపు దగ్గర, బడిసంచీ మోసుకుంటూ పదేళ్ళ పిల్ల, అంకుల్ కాస్త జరగండి, అంది, జరిగాడు, వెళ్ళిపోతుంటే చూశాడు, అచ్చం వాడి చెవులే, కింద తమ్మెలు అతుక్కుపోయి, వాడి భుజం మీద నిద్రపోయినదే, పెదనాన్నా అనాల్సిన నోరు అంకుల్ అంది, దానికి తనెవరో తెలియదు, తెలియనివ్వనిదెవరు, వేలు తీసి వెనక్కి చెరిపే మీట మీద పెట్టాడు, ఒక్కో అక్షరమే చెరిపాడు, మొత్తం కమాండు పోయేదాకా, ఏం చెప్పమంటారండీ, వాళ్ళు అవతల కాచుకుని ఉన్నారు, వస్తున్నానని చెప్పు, ఎవరు, మీరా, నేనే, డిస్కు తుడవకుండా తెస్తున్నానని చెప్పు, తుడిచే ముందు వాడొకసారి చదవాలని చెప్పు, చదవడం మాత్రం నా ఎదురుగా, ఏం చదవాలి, ఆవిడకి అర్థం కాలేదు, అయినా ఫోను చెవికి ఆనించుకుని వడివడిగా లోపలికి వెళ్ళిపోయింది, ఎక్కడ మాట మారుస్తాడోనని, అతను ఖాళీ తెర మీద రెండు తేదీలు కొట్టాడు, గడప తొక్కకు అన్న శనివారం ఒకటి, ఇవాళ్టిది ఒకటి, ఒకదాంట్లోంచి ఇంకోటి తీసెయ్యమన్నాడు, ఇన్నేళ్ళూ తనకు పోయింది నాలుగేళ్ళని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పుకుంటూ తిరిగాడు, మిషను అబద్ధమాడదు, రెప్పపాటులో జవాబిచ్చింది, రెండువేల రెండువందల అరవై రెండు రోజులు.