కన్నబాబు ఊపిరి, గంగాలమ్మ బండి

తెల్లారేసరికి భీమిలి ఒడ్డున గంగాలమ్మ పికప్ బండిలోకి చేపల ట్రేలు ఎక్కేస్తాయి. కింద ఐసు, మీద చేపలు, వాటిమీద తడి గోనెపట్టా. పక్క సీట్లో చిట్టమ్మ కూచుంటుంది. పెందుర్తి బజార్లో కూచుని అమ్మేది ఆవిడే. తగరపువలస దాకా బండి హాయిగా పోతుంది. ఆనందపురం దాటి ఎత్తు మొదలయ్యేసరికి గంగాలమ్మ గేరు తగ్గించి, కాలు సగం ఎత్తేసి, నిండు బిందె నెత్తిన పెట్టుకున్నదానిలా నడుపుతుంది. వెనక లారీలవాళ్లు హారన్లు మోగిస్తారు. ఎరిగున్నవాళ్లు మాత్రం ఓపిగ్గా వెనకే వస్తారు. ఆ ఎత్తు మీద బండి రొప్పితే, ఇంటి అరుగు మీద వల బాగుచేసుకుంటున్న ఆమె మొగుడు కన్నబాబు కూడా రొప్పుతాడు మరి.

బండిదీ కన్నబాబుదీ ఒకటే ఊపిరి. కొన్న కొత్తల్లో అతనే తోలేవాడు. చేపలు పడని రోజుల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర ఇటుకల బట్టీలకి బూడిద చేరవేసేవాడు. బూడిదని బండి పీల్చింది. బండి పీల్చిందల్లా కన్నబాబు ఛాతీలోకి దిగింది. డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విని, "ఫిల్టర్ మార్పించి ఎన్నాళ్లయింది?" అని అడిగాడు. బూడిద తోలడం మానేశాడు గానీ పోయిన ఊపిరి తిరిగి రాలేదు. ఓ రోజు పడవ మీద వల లాగుతూ లాగుతూ కూలబడిపోయాడు. పడవ నడిపే జగ్గారావు, గంగాలమ్మ తమ్ముడు, అతన్ని లేవదీసి, "బావా, ఇంక ఒడ్డునే ఉండిపో" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

అప్పట్నుంచీ స్టీరింగ్ గంగాలమ్మ పట్టుకుంది.

మొన్న ఎండాకాలంలో ఎత్తు మధ్యలో ముందు లారీ ఆగిపోయింది. నిండు లోడుతో ఆగిన బండిని కదిలించడానికి గంగాలమ్మ గట్టిగా తొక్కక తప్పలేదు. ఇంటికొచ్చేసరికి కన్నబాబు పెదాలు నల్లగా ఉన్నాయి. పక్కింటి పోతమ్మ విసనకర్రతో విసురుతోంది.

"ఈ రోజు ఏటే, బరువెక్కువేసీసేవా?" అని నవ్వబోయాడు అతను.

గంగాలమ్మ నేల మీద చతికిలబడింది. "మావా, బండి అమ్మేద్దుమా?"

"ఎవుడికి? ఎవుడి కాలి కింద బతకమంటావు నన్ను? నీ కాలైతే నాకు బయ్యం నేదు."

మర్నాడు గంగాలమ్మ చేపలు పక్కకి పెట్టి, కన్నబాబుని పక్క సీట్లో కూచోబెట్టుకుని తగరపువలసలో కీర్తన మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్లింది. కీర్తన నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగానికని గుడివాడ నుంచి వచ్చినాయన. ఈ పిల్ల డిప్లొమా చదివి హైవే పక్కన సొంతంగా షెడ్డు పెట్టుకుంది. బండి కిందకి దూరి, బయటికొచ్చి, చేతులు తుడుచుకుంది.

"అక్కా, ఇంజన్‌లో బలం లేక కాదండి, గాలి చాలట్లేదు. పీల్చే దారి ఇంజన్ వేడి పక్కనే ఉంది. వదిలే గొట్టం సగం పూడిపోయింది. పీల్చే దారిని పైకి తెచ్చి చల్లగాలి అందేలా చేస్తాను. వెనక లావు గొట్టం వేసి వంపులు తగ్గిస్తాను."

"మడిసికేటీ అవదు గదా?"

"ఆయన్ని నాకు కనబడేలా కూచోబెట్టండి. చూసుకుంటూ చేస్తాను."

కన్నబాబు ప్లాస్టిక్ కుర్చీలో కూచున్నాడు. గంగాలమ్మ అతని భుజం మీద చెయ్యేసి నిలబడింది. కీర్తన పాత ఫిల్టర్ పెట్టె ఊడదీసి నేలకేసి తట్టింది. బూడిద కుప్పగా రాలింది. కన్నబాబు ఒక్కసారి పొడుగ్గా గాలి పీల్చి, కళ్లు పెద్దవి చేశాడు.

"గంగా, సముద్రం వాసనొస్తందే."

అతనికి వాసనలు తెలిసి ఎన్నో ఏళ్లయింది. ఒడ్డునే ఇల్లున్నా సముద్రం వాసన ఎలా ఉంటుందో పెళ్లాన్ని అడిగి తెలుసుకునేవాడు.

తర్వాత వెనకవైపు పని. తుప్పు పట్టిన సైలెన్సర్ కోసి కిందకి దించగానే కన్నబాబు భార్య వైపు వంగి, ఆమెకి మాత్రమే వినబడేలా ఒక మాట చెప్పబోయాడు.

"గంగా, నాకు బయ్యంగుందే!"

సైలెన్సర్ లేని గొంతు. బజారంతా ప్రతిధ్వనించింది. బస్సులోవాళ్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. రోడ్డవతల అరటిపళ్లమ్మే ముసలావిడ చెయ్యూపి, "బయ్యమెందుకు బాబూ, పక్కనే ఉంది గదా ఆవిడ!" అని అరిచింది. కన్నబాబు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. గంగాలమ్మ పడీపడీ నవ్వింది. నవ్వుతూనే చీరచెంగుతో కళ్లు ఒత్తుకుంది. కొత్త గొట్టం బిగించేదాకా అతను మళ్లీ నోరు తెరవలేదు.

పనయ్యాక గంగాలమ్మ స్టీరింగ్ ముందు కూచుంది.

"తొక్కండక్కా," అంది కీర్తన.

కాలు దిగలేదు. ఇన్నేళ్లూ ఎత్తిపెట్టుకున్న కాలు అది. అద్దంలో కన్నబాబు కనిపించాడు, తలూపుతున్నాడు. కళ్లు మూసుకుని తొక్కింది. ఇంజన్ గరగరలాడలేదు, లోతుగా, మెత్తగా మోగింది. కుర్చీలో కన్నబాబు ఛాతీ పొంగి పైగుండీ తెగి ఎగిరిపడింది.

ఆ వారమే జగ్గారావు పడవలో ఒక మనిషి తక్కువయ్యాడు. జగ్గారావు వచ్చి గుమ్మంలో నిలబడి తటపటాయిస్తుంటే కన్నబాబు కండువా తలకి చుట్టుకుని బయటికొచ్చాడు. గంగాలమ్మ ఆపలేదు. కానీ బండి తాళం చేతిలో పట్టుకుని చాలాసేపు కూచుంది. అతను నీళ్ల మీదున్నప్పుడు తను బండి తియ్యాలా, మానాలా? చిట్టమ్మ వచ్చి, "ఐసు కరిగిపోతంది," అంటే లేచింది.

ఆనందపురం దాటాక ఫోను మోగింది. చిట్టమ్మ స్పీకర్ పెట్టి పట్టుకుంది. గాలి, అలలు, మగాళ్ల కేకలు. "కోసీండ్రా వల! పడవ ఒరిగిపోతంది!" అని జగ్గారావు అరుస్తున్నాడు.

"గంగా, ఎక్కడున్నావే?" కన్నబాబు గొంతు.

"ఎత్తు కాడున్నాను. మావా, ఏటయింది?"

"వల బరువైపోనాది, మా వల్ల అవతల్లేదు. రోడ్డు కాళీగుందా?"

"కాళీయే."

"అయితే గట్టిగా తొక్కీయే."

గంగాలమ్మ తొక్కింది. ఐసు, చేపలు, చిట్టమ్మతో సహా బండి ఎత్తు మీదకి దూసుకుపోయింది. ఫోనులో కాసేపు అలల చప్పుడే. తర్వాత కన్నబాబు గొంతు పైకి లేచి పాట అందుకుంది. మిగతావాళ్లు అందులో గొంతు కలిపారు. ఒక్కో లాగుకీ ఒక్కో కేక. ఎత్తు పూర్తయ్యేలోగా పడవ చెక్కల మీద చేపలు టపటపా కొట్టుకోవడం వినబడింది, ఎంతకీ ఆగకుండా.

"బావా," జగ్గారావు ఆయాసపడుతూ అంటున్నాడు, "రేపు కూడా రావాల నువ్వు."

"మీ అక్కనడుగు. రేపు బండి తీత్తాదో నేదో."

చిట్టమ్మ ఫోను ఆమె నోటి దగ్గర పెట్టింది.

"తీత్తాను," అంది గంగాలమ్మ, కాలు ఎత్తకుండా.